పాళెగాళ్ళ కావలి నుంచి జనతన సర్కారు దాకా: ఆయుధంతో పాలించేవారికి జనసమ్మతి ఎంత?

1801 జులై 31న కుదిరిన ఒప్పందంతో కర్ణాటక (ఆర్కాటు) నవాబు రాజ్యపాలన మొత్తం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఆనాటి నుంచి కాగితం మీద చిత్తూరు సీమకు కంపెనీయే ప్రభువు. అయితే చిత్తూరు చుట్టూ ఉన్న కొండదారుల్లో, అడవి అంచు పల్లెల్లో రైతు దగ్గర రుసుము వసూలు చేసేది, దొంగను పట్టేది, తగవు తీర్చేది మాత్రం పాళెగాళ్ళే. బంగారుపాళెం, పులిచెర్ల, పాకాల, కల్లూరు, మొగరాల, నారగంటి వంటివి వారి స్థావరాలు. వీటిలో కొన్ని ఇప్పుడు మండల కేంద్రాలు. ఒక్కొక్క పాళెగాడికి ఒక కోట, కొంత సాయుధ బలగం, తాతముత్తాతల నాటి నుంచి వస్తున్న వసూలు హక్కులు ఉండేవి. ఆ బలగాన్నీ ఆ హక్కులనూ కంపెనీ తొలగించబోయింది. 1804లో చిత్తూరు పాళెగాళ్ళు తిరగబడ్డారు. కంపెనీ సైన్యాన్ని పంపి వారిని అణచివేసింది, చాలా పాళెంలను స్వాధీనం చేసుకుంది. అంతకుముందు వరకు పల్లెల్లో దొరలుగా చెల్లుబాటైనవారు ఆ తర్వాత ప్రభుత్వ లెక్కలో తిరుగుబాటుదారులయ్యారు.

రాజ్యం కాని సాయుధ బలగం ఒక ప్రాంతాన్ని పాలిస్తున్నప్పుడు ఆ పాలనకు న్యాయమైన హక్కు ఉందని ఎప్పుడు అనగలం? ఈ ప్రశ్న శ్రీలంక ఉత్తర ప్రాంతానికో, గాజాకో, ఆఫ్ఘనిస్తాన్‌కో, దండకారణ్యానికో మాత్రమే చెందినది కాదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలు రెండు శతాబ్దాల కిందటే దాన్ని చూశాయి. ఈ చర్చలో సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ప్రభుత్వ గుర్తింపు లేని ఏ సాయుధ పాలనకూ హక్కు ఉండదన్నది ఒకటి. జనానికి మేలు చేసి, భద్రత ఇచ్చి, తగవులు తీర్చగలిగితే ఆ హక్కు దానంతట అదే వస్తుందన్నది రెండోది. రెండూ తేలికైన జవాబులే, రెండూ చాలవు. ఎందుకు చాలవో తెలియాలంటే పాళెగాళ్ళ కావలి ఎలా నడిచేదో కాస్త దగ్గరగా చూడాలి.

ఊరి కావలి పాళెగాడిది. అందుకు ప్రతిఫలంగా పంటలో కొంత భాగమో, ఇంత అని రొక్కమో రైతులు ఇచ్చేవారు. కావలి తీసుకున్నవాడు దొంగతనానికి పూచీ పడాలి. రాత్రికి రాత్రి ఒక రైతు ఎద్దుల జత కనిపించకుండా పోతే తెల్లవారగానే కావలివాళ్ళు గిట్టల జాడ పట్టుకుని పొలిమేర దాకా వెళ్ళేవారు. జాడ పొలిమేర దాటి పక్క ఊళ్ళోకి పోయినట్టు చూపించగలిగితే భారం ఆ ఊరి కావలివారి మీద పడేది. వారు మరో పొలిమేర దాకా వెళ్ళి ఆ పైవారికి చూపాలి. జాడ ఎక్కడ తప్పిపోయిందో ఆ ఊరి కావలిదారు ఎద్దులను వెతికి తేవాలి, లేదా వాటి ధర కట్టాలి. దూరాన ఉన్న నవాబు కచేరీ ఈ పని చేయగలిగేది కాదు. రైతుకు తెలిసిన మనిషి, తెలిసిన నియమం, పోయినదానికి పరిహారం, ఈ మూడూ ఒకేచోట దొరికే ఏర్పాటు ఇది. దీన్ని దోపిడీ అని ఒక్క మాటలో కొట్టిపారేయడం చరిత్రకు అన్యాయం చేయడమే.

ఇదే ఏర్పాటుకు రెండో ముఖం కూడా ఉంది. కావలి రుసుము ఇవ్వని ఊళ్ళో పశువులు ముందు పోయేవి. కాపలాదారూ దొంగా ఒకే కట్టుకు చెందినవారై ఉండడం అరుదేమీ కాదు. పోయిన సొత్తు ఆచూకీ చెప్పడానికి వేరే సొమ్ము తీసుకునే అలవాటు తమిళ జిల్లాల్లో తుప్పుకూలి పేరుతో స్థిరపడిపోయింది. పోయిన ఎద్దును వెతికి తెచ్చేవాడికే అది ఎక్కడుందో ముందే తెలుసునన్న అనుమానం రైతుకు ఉన్నా, పైకి అనే ధైర్యం ఉండేది కాదు. రుసుము మాత్రం ప్రతి పంటకూ అందుతూనే ఉండేది. రైతు కృతజ్ఞతతో ఇచ్చాడా, భయంతో ఇచ్చాడా, ఇచ్చేయడమే నయమన్న లెక్కతో ఇచ్చాడా అన్నది రుసుము ముట్టిన లెక్కను బట్టి తెలియదు. సాయుధ పాలనల గురించిన చర్చలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. జనం చెల్లిస్తున్నారు గనుక, పంచాయితీకి వస్తున్నారు గనుక, ఎదురు చెప్పడం లేదు గనుక ఒప్పుకున్నట్టే అని తేల్చేస్తారు.

ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ తిరుమల ఆదాయం. కర్ణాటక యుద్ధాల కాలంలో నవాబు మహమ్మద్ అలీ తాను పడ్డ బాకీల కింద ఆ ఆదాయాన్ని కంపెనీకి రాసిచ్చాడు. 1753లో మహమ్మద్ కమాల్ అనే సిపాయి నాయకుడు నెల్లూరును పట్టుకుని, ఆ ఆదాయం కోసమే తిరుపతి మీదికి వచ్చి, ఓడిపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ దశాబ్దమంతా కొండ మీది రాబడి కోసం బలగాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. కొండ కింద అధికారం ఎవరిదైనా యాత్రికుడు రావడం మానలేదు, కానుక సమర్పించడం మానలేదు. ఆ కానుక దేవుడికి. దాన్ని లెక్కగట్టి తీసుకుపోయినవాడికి యాత్రికుడు ఎన్నడూ అంగీకారం తెలపలేదు. 1801 తర్వాత కంపెనీ కలెక్టర్లు నేరుగా నిర్వహించినా, 1843లో హథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు అప్పగించినా, 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడినా భక్తుడి నడక ఒక్కలాగే సాగింది. డబ్బు చేతులు మారినంత మాత్రాన సమ్మతి దొరికినట్టు కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

కంపెనీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే పాళెగాళ్ళను తిరుగుబాటుదారులన్న ఆ సంస్థ తానే ఒక వర్తక సంఘం. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇచ్చిన అనుమతితో మద్రాసు తీరంలో కోట కట్టుకుంది. ఆ నాయకుడి ఏలిక విజయనగర వంశపు రాజు. 1565 నాటి యుద్ధం తర్వాత చితికిపోయిన ఆ రాజ్యానికి పెనుకొండ తర్వాత చంద్రగిరి రాజధాని అయింది. ఆ అనుమతి కాగితం నుంచి 1765 నాటి బెంగాల్ దివానీ (పన్ను వసూలు హక్కు) దాకా, 1801 నాటి కర్ణాటక ఒప్పందం దాకా కంపెనీ హక్కులన్నీ పరుల దగ్గర పుచ్చుకున్న సనదులే. సొంత సైన్యం, సొంత ఖజానా, సొంత న్యాయస్థానాలు ఉన్న వ్యాపార సంస్థ అది. పాళెగాళ్ళకు విజయనగర కాలపు అమరం (సైనిక సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన భూమి), కావలి హక్కులు ఆధారమైతే కంపెనీకి మొగలు పాదుషా ఫర్మానాలు, నవాబు సంతకాలు ఆధారం. కోట గోడ ఎత్తులో, ఫిరంగుల సంఖ్యలో ఉన్న తేడాను పక్కన పెడితే, ఇద్దరిలో ఎవరికి ఎక్కువ హక్కు ఉందో చిత్తూరు రైతును అడిగినవారు లేరు. గుర్తింపు ఉన్నవాడిదే హక్కు అనే జవాబు ఎంత బలహీనమో ఇక్కడ తెలిసిపోతుంది. గుర్తింపు చాలాసార్లు గెలిచినవాడికి తర్వాత దొరికే పత్రం.

మేలు చేసినవాడిదే హక్కు అన్న రెండో జవాబును అమెరికన్ ఆర్థికవేత్త మాన్సర్ ఓల్సన్ 1993లో చేసిన వాదనతో కలిపి చూడవచ్చు. తిరుగుతూ దోచుకునే ముఠా అంతా ఊడ్చుకుపోతుంది. ఒకేచోట స్థిరపడిన ముఠా మాత్రం రేపు కూడా వసూలు చేసుకోవాలి గనుక కొంత మిగులుస్తుంది, ఇతర దొంగలను రానివ్వదు, అవసరమైతే బాట వేస్తుంది. సాయుధ బలగాలు పాలనకు ఎందుకు దిగుతాయో ఈ వాదన చక్కగా వివరిస్తుంది. జనం దాన్ని తమ పాలనగా ఎందుకు భావిస్తారో, ఎందుకు భావించరో మాత్రం వివరించదు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికించే ముఠాల దగ్గర ఆయుధాలూ డబ్బూ ఉన్నాయి. అయినా వాటి రాజకీయ సమ్మతి గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అవి దుంగలు తరలించుకుపోతాయి తప్ప ఎవరి పొలం గట్టు తగవునూ తీర్చవు, ఎవరి దగ్గరా విధేయత కోరవు. విధేయత కోరడం మొదలైన తర్వాతే ఈ ప్రశ్న పుడుతుంది.

ఆయుధం పట్టి పాలించినవారిని జనం నిజంగా తమవారనుకున్నారా లేదా అన్నది ఆయుధం పక్కకు పోయిన రోజున కొంతవరకు తెలుస్తుంది. తెలుగువారి చరిత్రలోనే అలాంటి రోజు ఒకటి ఉంది. 1946 నుంచి 1951 వరకు తెలంగాణలో కమ్యూనిస్టుల నాయకత్వాన ఆంధ్రమహాసభ సంఘాలు గ్రామరాజ్యాలు నడిపాయి. పార్టీ లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో, 10 లక్షల ఎకరాల పంపకం జరిగింది. వెట్టి పోయింది, దొరల గడీలు ఖాళీ అయ్యాయి, గ్రామ కమిటీలు తగవులు తీర్చాయి. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది, 1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణ జరిగింది. ఆ వెంటనే వచ్చిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ తరఫున నల్లగొండ లోక్‌సభ స్థానానికి నిలబడిన రావి నారాయణరెడ్డి, దేశ ప్రధాని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. దళాలు ఊళ్ళో లేవు, సైన్యం నీడ ఇంకా ఉంది, ఓటు రహస్యం. అయినా జనం ఆ వైపే నిలిచారు.

కొలంబియాలో ఇందుకు పూర్తిగా భిన్నంగా జరిగింది. ఫార్క్ అనే వామపక్ష గెరిల్లాలు దశాబ్దాల పాటు మారుమూల జిల్లాల్లో పన్నులు వసూలు చేశారు, కోకా సాగుకు నియమాలు పెట్టారు, భార్యాభర్తల తగాదాల దగ్గర నుంచి హత్యల దాకా విచారించారు. 2016లో ప్రభుత్వంతో శాంతి ఒప్పందం చేసుకుని పార్టీగా మారి 2018 ఎన్నికల్లో పోటీ చేస్తే సెనేటులోనూ ప్రతినిధుల సభలోనూ వారికి వచ్చిన ఓట్లు అర శాతం కూడా దాటలేదు. ఒప్పందం ప్రకారం ముందే కేటాయించిన పది స్థానాలు మాత్రమే మిగిలాయి. అపహరణలు, బలవంతపు వసూళ్ళు జనం మనసులో ఎంత లోతుగా నాటుకున్నాయో ఆ అంకె చెబుతోంది. రెండు దేశాల పరిస్థితులు వేరు, ఎన్నికల తీరు వేరు. అంకెలను పక్కపక్కన పెట్టి తూచడానికి పరిమితులున్నాయి. అయినా పాలించిన కాలంలో రెండు బలగాలకూ జనం విధేయంగానే ఉన్నారు. ఆ రెండు విధేయతల మధ్య ఉన్న దూరం ఆయుధం ఉన్నంతకాలం బయటపడలేదు.

తెలంగాణలో జనం దేనికి ఓటు వేశారన్నది ఆలోచించాల్సిన విషయం. భూమి పంపకం ఒక్కటే కారణమైతే, పంచిన భూముల్లో చాలా భాగం 1948 తర్వాత తిరిగి భూస్వాముల చేతికే పోయింది. గ్రామ కమిటీలో కూర్చున్నవారు ఆ ఊరివారే కావడం, సంఘం ఆయుధం పట్టకముందు ఎన్నో ఏళ్ళు బహిరంగంగా, సభలుగా, అర్జీలుగా, నాలుగణాల సభ్యత్వంగా పనిచేసి ఉండడం అసలు బలం. ఆయుధం తర్వాత వచ్చింది, సంబంధం ముందే ఉంది. తుపాకీతో మొదలుపెట్టి ఆ తర్వాత జనం దగ్గరకు వచ్చే బలగాలకు ఈ వరస దొరకదు.

శ్రీలంకలో ఎల్‌టీటీఈ (తమిళ పులులు) నడిపిన పాలన మరో రకం. కిలినొచ్చి కేంద్రంగా పోలీసు విభాగం, న్యాయస్థానాలు, బ్యాంకు, పన్నుల శాఖ అన్నీ ఉండేవి. పోలీసులకు యూనిఫారం, న్యాయవాదులకు శిక్షణ కూడా ఉండేవి. బయటి నుంచి వెళ్ళినవారికి అది అచ్చంగా ప్రభుత్వంలాగే కనిపించేది. అయితే ఆ ప్రాంతంలోని బడుల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు, ఆసుపత్రుల్లోని వైద్యులకు, కచేరీలోని ఉద్యోగులకు జీతాలు కొలంబో నుంచే వచ్చేవి. ఆజ్ఞ ఒకరిది, ఖర్చు మరొకరిది. ఇలాంటి చోట బడి నడుస్తోంది గనుక పులులకు సమ్మతి ఉందనడం గానీ, జీతం వస్తోంది గనుక కొలంబోకు సమ్మతి ఉందనడం గానీ నిలవదు. ఆ తమిళ సమాజానికి ప్రభుత్వం మీద న్యాయమైన ఫిర్యాదులు ఉన్నాయి. 1983 జులైలో కొలంబోలో తమిళుల మీద జరిగిన హింస తర్వాత వేలాదిమంది యువకులు ఉద్యమంలోకి వెళ్ళడానికి కారణం వెతకనక్కరలేదు. కానీ 1990 అక్టోబరులో అదే బలగం ఉత్తర ప్రాంత ముస్లింలను, తమిళమే మాతృభాషగా ఉన్నవారిని, గంటల వ్యవధి ఇచ్చి ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టింది. ఇంటికొకరిని ఇవ్వమని, చివరి ఏళ్ళలో పిల్లలను కూడా పోరుకు లాక్కుపోయింది. పాలితుల్లో కొందరిని మనుషుల లెక్కలోంచి తీసేసి మిగిలినవారి పేరుతో మాట్లాడే హక్కు ఏ సాయుధ బలగానికి ఉంటుంది?

న్యాయవిచారణ విషయంలో తాలిబన్ల ఉదాహరణ అందరికన్నా ఇబ్బందికరమైనది. 2021 ఆగస్టు 15న కాబూల్ వారి వశం కావడానికి చాలా ఏళ్ళ ముందు నుంచే పల్లెల్లో వారి సంచార న్యాయస్థానాలు నడిచాయి. ప్రభుత్వ కోర్టుల్లో లంచం పోసినా ఏళ్ళు గడిచేవి. తాలిబన్ ఖాజీ భూమి తగాదాను కొద్ది రోజుల్లో తేల్చేవాడు, తీర్పు అమలయ్యేది. తాలిబన్ల భావజాలం నచ్చనివారు కూడా పొలం కోసం అక్కడికి వెళ్ళారు. ఇది నిజమైన ఆదరణే, దాన్ని కాదనలేం. అయితే ఆ ఆదరణ తగవుల పరిష్కారానికి దొరికినది. ఆడపిల్లలను ఆరో తరగతి తర్వాత బడికి రానివ్వకూడదన్న నిర్ణయానికి దొరికినది కాదు. ఒక పనిలో సంపాదించుకున్న నమ్మకాన్ని అన్ని పనులకూ చెల్లే అధికార పత్రంగా వాడుకోవడం సాయుధ పాలనలన్నిటిలో కనిపించే లక్షణం. పాళెగాడు కూడా కావలి ఇచ్చాను గనుక పెళ్ళికి, చావుకు, పండక్కి కూడా రుసుము ఇవ్వాలనేవాడు.

ఇంతవరకు చూసిన ఉదాహరణలు ఒకే కొలమానం వైపు వేలు చూపిస్తున్నాయి. పాలితుడు ‘వద్దు’ అన్నప్పుడు అతనికి ఏమవుతుంది? రుసుము ఇవ్వనన్న రైతు, కొడుకును పంపనన్న తల్లి, తీర్పు తప్పన్న మనిషి మర్నాడు కూడా అదే ఊళ్ళో తిరగగలిగితే ఆ పాలనలో సమ్మతికి చోటు ఉంది. తిరగలేకపోతే అక్కడ ఉన్నది విధేయత మాత్రమే. ఆ బలగం ఎన్ని ఎకరాలు పంచినా, ఎన్ని బడులు పెట్టినా ఈ లెక్క మారదు. రాజ్యాలకూ ఇదే కొలమానం పెట్టాలి, పెట్టినప్పుడు అవి కూడా చాలాసార్లు ఓడిపోతాయి.

మావోయిస్టు ఉద్యమం విషయంలో ఈ కొలమానం ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర దగ్గర పనిచేస్తుంది. ఉద్యమానికి ఆదివాసీ ప్రాంతాల్లో దొరికిన ఆదరణ కల్పన కాదు. అటవీ శాఖ సిబ్బంది మామూళ్ళను ఆపించడం, 1980ల నుంచి తునికాకు కట్టకు కూలిరేటు పెంచించడం, పోడు భూమిని నిలబెట్టడం ఆ కుటుంబాల బతుకుల్లో కంటికి కనిపించిన మార్పులు. దండకారణ్యంలో జనతన సర్కారు పేరుతో ఏర్పడ్డ కమిటీలు చెరువులు తవ్వించాయి, విత్తనాలు పంచాయి, ప్రజాకోర్టులు నడిపాయి. అదే ప్రజాకోర్టులో పోలీసులకు సమాచారం ఇచ్చాడన్న ఆరోపణ మీద ఒక మనిషిని నిలబెట్టినప్పుడు వాదించే వకీలు లేడు, అప్పీలు లేదు, తీర్పు చెప్పేవారే ఫిర్యాదీలు, అమలు చేసేవారూ వారే. చుట్టూ కూర్చున్న ఊరి జనం చేతులెత్తితే దాన్ని ప్రజల తీర్పు అన్నారు. తుపాకుల మధ్య ఎత్తిన చేయిని సమ్మతిగా లెక్కపెట్టడం న్యాయం కాదు. చంపబడినవారిలో ఎక్కువమంది దొరలూ భూస్వాములూ కారు, ఆ పల్లెల్లోని పేద ఆదివాసులే.

ఈ సంగతిని ఉద్యమానికి శత్రువులు మాత్రమే అనలేదు. రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో 1997లో ఏర్పడ్డ పౌర స్పందన వేదిక ఒకవైపు బూటకపు ఎన్‌కౌంటర్లు ఆపాలని ప్రభుత్వాన్ని, మరోవైపు ఇన్‌ఫార్మర్ల పేరుతో చంపడం ఆపాలని పార్టీని ఏళ్ళ తరబడి అడిగింది. 2003 అక్టోబరు 1న తిరుపతి అలిపిరి దగ్గర, బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి కొండకు వెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు వాహనశ్రేణి మీద, తర్వాత మావోయిస్టు పార్టీలో భాగమైన పీపుల్స్‌వార్ క్లేమోర్ మైన్లు పేల్చింది. ఆయన గాయాలతో బయటపడ్డారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారి, 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి. ఆ చర్చల్లో పడ్డ అసలు పీటముడి భూసంస్కరణల దగ్గర కాదు. దళాలు ఆయుధాలతో గ్రామాల్లోకి రావచ్చా, రాకూడదా అన్న దగ్గర పడింది. ఆయుధం లేకుండా వెళ్ళమని ప్రభుత్వం, ఆయుధం వదిలేది లేదని పార్టీ పట్టుబట్టాయి. 2005 జనవరిలో చర్చలు తెగిపోయాయి. జనంలో ఉన్న బలం మీద పార్టీకి పూర్తి నమ్మకం ఉంటే, ఆయుధం లేకుండా ఆరు నెలలు గ్రామాల్లో తిరిగి చూసే అవకాశం అది. దళాలు ఉత్తచేతులతో తిరిగితే పోలీసులు బతకనిస్తారా అన్న భయానికి కూడా ఆ కాలపు ఎన్‌కౌంటర్ల చరిత్రలో ఆధారం ఉంది. చర్చల్లో లేవనెత్తిన భూసమస్య మాత్రం పూర్తిగా వృథా పోలేదు. 2004 చివర్లో కోనేరు రంగారావు అధ్యక్షతన భూకమిటీ ఏర్పడి 2006లో నివేదిక ఇచ్చింది.

పాలితులే నోరు విప్పిన సందర్భాలు అరుదుగా ఉంటాయి గనుక నాగాలాండ్‌ను ప్రస్తావించాలి. అక్కడ 1997 నుంచి కాల్పుల విరమణలో ఉన్న సంస్థలు ఒకటికి నాలుగు చీలికలై, ప్రతి చీలికా తనదే నాగా ప్రభుత్వమంటూ దుకాణదారుల నుంచి, ఉద్యోగుల నుంచి, లారీల నుంచి పన్ను వసూలు చేసింది. 2013లో దిమాపూర్‌లో వేలాదిమంది రోడ్డెక్కి ఒకే ప్రభుత్వం, ఒకే పన్ను అని డిమాండ్ చేశారు. నాగా స్వాభిమానాన్ని వారెవరూ వదులుకోలేదు. ఆ ఆకాంక్ష పేరుతో తమ జేబులో చేయి పెట్టే హక్కును మాత్రమే తిరస్కరించారు. లక్ష్యానికి ఇచ్చే మద్దతు వేరు, పాలనకు ఇచ్చే సమ్మతి వేరు అని ఇంత స్పష్టంగా పండితులు కూడా చెప్పలేదు.

బయటి దేశాల గుర్తింపు గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 1949 జెనీవా ఒప్పందాల్లోని ఉమ్మడి మూడో అధికరణం అంతర్యుద్ధంలో ఇరుపక్షాలకూ కనీస నియమాలు విధిస్తూనే, ఆ నియమాలు వర్తించినంత మాత్రాన ఎవరి చట్టపరమైన హోదా మారదని అక్కడే రాసింది. 2025 జులైలో రష్యా తాలిబన్ ప్రభుత్వాన్ని గుర్తించింది, అలా గుర్తించిన మొదటి దేశం అదే. దాని వల్ల కాబూల్‌లోని ఆడపిల్లకు బడి తెరుచుకోలేదు. ఎన్నికల విజయానికి కూడా కాలపరిమితి ఉంటుంది. 2006 జనవరిలో పాలస్తీనా శాసనసభలో 132 స్థానాల్లో 74 గెలిచిన హమాస్‌కు ఆనాడు నిస్సందేహంగా ప్రజామోదం ఉంది. 2007 జూన్‌లో గాజాను బలంతో పట్టుకున్న తర్వాత మళ్ళీ అక్కడ శాసనసభ ఎన్నిక జరగలేదు. అప్పుడు పుట్టినవారు ఇప్పుడు ఓటు వయసు దాటారు, వారిని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక రాజ్యం వైపు. పాళెగాళ్ళను తొలగించడం కంపెనీకి తేలికైంది, వారి పని చేయడం తేలిక కాలేదు. 1800లో నిజాం అప్పగించిన దత్తమండలాలకు, మదనపల్లె, వాయల్పాడు సీమలు కూడా అందులోవే, ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అక్కడి సుమారు 80 మంది పాళెగాళ్ళను కోటల నుంచి దించి కొందరికి భరణాలు ఇచ్చాడు. వారి స్థానంలో పెట్టిన దరోగా (కంపెనీ నియమించిన ఠాణా అధికారి) పోలీసు పల్లెల్లో ఎవరికీ జవాబుదారీ కాలేదు. చివరికి 1816లో మద్రాసు ప్రభుత్వం గ్రామ పోలీసు పనిని తిరిగి గ్రామ పెద్దలకే అప్పగించాల్సి వచ్చింది. భరణం తగ్గి, మాన్యాలు పోయిన కోపం మిగిలే ఉంది. 1846లో కోయిలకుంట్ల వైపు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటులో ఆ కోపమే పైకి వచ్చింది. 1847లో ఆయనను ఉరితీశారు, జనం ఆయన మీద పాటలు కట్టుకున్నారు. పాళెగాడి పాలనలో రుసుము కట్టిన కుటుంబాల పిల్లలే ఆ పాటలు పాడారు. వచ్చిన పాలన అంతకన్నా బరువుగా ఉన్నప్పుడు పోయిన పాలన మీద ప్రేమ పుడుతుంది.

దండకారణ్యంలో ప్రభుత్వం చేసిన పెద్ద తప్పు కూడా అలాంటిదే. 2005లో మొదలైన సల్వాజుడుం ఆదివాసులకే తుపాకులిచ్చి ఆదివాసుల మీదికి పంపింది. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ జనంలో ఎంతోమంది గోదావరి దాటి ఖమ్మం వైపు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ స్పెషల్ పోలీసు అధికారుల ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. రాజ్యం తానే ప్రైవేటు సాయుధ బలగాన్ని పుట్టించి, ‘వద్దు’ అన్నవాడిని శత్రువుగా చూసినప్పుడు, ఎదుటి బలగానికి అది ఏ నైతిక కొలత పెట్టగలదు?

2025 మే 21న ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు మరణించారు. ఆ తర్వాతి నెలల్లో అగ్రనాయకుల లొంగుబాట్లు, మరణాలు వరసగా జరిగాయి. జనతన సర్కారు కమిటీలు ఉన్న పల్లెల్లో ఇప్పుడు భద్రతా బలగాల క్యాంపులు, రోడ్లు, సెల్ టవర్లు వచ్చాయి. ఇవి పాలనకు గుర్తులే, సమ్మతికి మాత్రం కావు. ‘వద్దు’ అనే మాటకు విలువ ఇస్తే ఏం జరుగుతుందో పక్క రాష్ట్రంలోనే చూడవచ్చు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద ఒడిశా నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ తవ్వకానికి పన్నెండూ వద్దన్నాయి, గని ఆగింది. అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కొంధులకు ఆ రోజు రాజ్యాంగం ఒక సాయుధ దళం చేయలేని పని చేసిపెట్టింది.

బస్తర్‌లో గ్రామసభకు ఆ అధికారం ఇచ్చే పెసా చట్టం 1996లోనే వచ్చింది. దాన్ని అమలు చేసే నియమాలను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022లో ప్రకటించింది. మధ్యలో గడిచిన 26 ఏళ్ళూ ఆ అడవిలో తునికాకు ధర ఎవరితో మాట్లాడాలో, పోడు పట్టా ఎవరిని అడగాలో, తగవు ఎక్కడికి తీసుకుపోవాలో అక్కడి మనిషికి తుపాకీ ఉన్న ఎవరో ఒకరే చెప్పారు.